చింతగింజంత ఎత్తు

గుత్తి ఆర్.ఎస్.లో నా కటింగు షాపు వెనక
పదడుగుల ఎర్రమట్టి, ఒక కరేపాకు చెట్టు.
అందులో రైలు నడపడానికి ఎంతయిందని
అద్దంలోంచే అడుగుతారు కుర్చీలో కూర్చున్నోళ్ళు.
మెడ కదపొద్దు, చెప్తా.

మొదట ఏమీ కొనకు.
మోకాళ్ళ మీద కూర్చోని
వాన నీళ్ళు ఎటు పారతాయో చూడు.
మన సీమలో దానికి ఏడాది పట్టొచ్చు,
చెంబుతో పోసి చూడు.
నీళ్ళ దారి నీళ్ళకే వదిలెయ్.
దాని మీద వంతెనకు తాడిపత్రి బండ ముక్క చాలు,
పాలిష్ మిషన్ల కాడ ఊరికే ఇస్తారు,
ఎత్తుకపోతే పీడ పోయిందనుకుంటారు.

కొలత కాడ చానామంది ఆగిపోతారు.
నేను చెనిక్కాయతో మొదలుపెట్టినా.
ఒక కాయ ఒక బస్తా.
బస్తా మోసేవాడు బొటనవేలంత.
వాడు నింపే పెట్టె న్యాయంగా మూరెడుండాల,
స్థలం ల్యాక జానెడుకు ఒప్పించినా.

పట్టాలంటావా,
అల్యూమినియం కిటికీలు చేసే ఫక్రుద్దీన్ కాడ
తెగ్గోసిన ముక్కలు, కిలో లెక్క.
స్లీపర్లు తుమ్మకొమ్మ చీలికలు,
చెదలకు భయపడి వేపనూనె.
పట్టాలకు కరెంటు పెట్టొద్దు నాయనా,
ఈ దుమ్ములో పూటకు నాలుగుసార్లు తుడవాల.
కరెంటు బండి కడుపులోనే ఉండనీ.
నా ఇంజను ఒళ్ళు పౌడరు డబ్బా,
పళ్ళచక్రాలు విరిగిన ఆటకారువి,
గుండె పాత ట్రిమ్మరుది.
వెంట్రుక తెంపడం మర్చిపోయింది గానీ
ఆరు పెట్టెలు లాగుతుంది.

లాగుతుంది, నిజమే.
మలుపులో పడిపోతుంది.
పదకొండు రోజులు అదే మలుపు, అదే పక్కకు.
మందారమొక్క మీద కోపం చేసుకున్నా.

ట్రాక్ పని చేసే ఓబుళమ్మ
కొడుక్కి కటింగు చేయించను వచ్చి,
వంతు రాక, వెనక్కొచ్చి చూసింది.
నవ్వుతుందనుకున్నా.
చెప్పులు విడిచి కూర్చునింది.
వంగి, ఒక కన్ను మూసి,
పట్టా పొడుగునా చూపు సాగదీసింది.
పిల్లోని జేబులోంచి వేయించిన చింతగింజ తీసి
బయటి పట్టా కింద దోపింది.
"లోపలికి ఒరగాలన్నా బండి,
తిరిగేటప్పుడు అమ్మ చంకలో బిడ్డ మాదిరి."
బండి తిరిగింది.
ఆ పిల్లోడు ఇంకో గింజ నోట్లో వేసుకున్నాడు.

లేచి పోతా పోతా అడిగింది,
"అతుకుల్లో సందేది?"
గోరు కూడా దూరకుండా కలిపినానని
గొప్పగా చెప్పినా.
"ఏప్రిల్ రానీ" అనింది, అంతే.

ఏప్రిల్ వచ్చింది.
మిట్టమధ్యాన్నం తలుపు తీస్తే
నా లైను మెలిక తిరిగిన జెర్రిగొడ్డు.
మొత్తం పీకి మళ్ళీ పరిచినా,
ఈసారి ప్రతి అతుకులో
దువ్వెన పన్నంత ఖాళీ విడిచి.

ఆ ఖాళీ మీద చక్రం పోతే
టిక్ మంటుంది.
నేను మొదలుపెట్టింది దీని కోసమేనని
అంతవరకూ నాకూ తెలియదు.
ఓబుళమ్మ విని చానాసేపు పలకలేదు.
"మా లైన్లో ఈ సప్పుడు తగ్గిపోయిందన్నా,
పొడుగు పొడుగు వెల్డింగులొచ్చినాక" అనింది.
మళ్ళా నడపమనింది.

లెక్క కావాలంటే పుస్తకంలో ఉంది:
పది నెలలు, పన్నెండొందల అరవై రూపాయలు,
ఫక్రుద్దీన్ ఇంటిల్లిపాదికి పదిహేడు కటింగులు.
చుట్టు ఇంకా పూర్తికాలేదు.
నాలుగడుగులు తక్కువ.
వాళ్ళ తలలు పెరగాల.

తల దించు, వెనక మిషన్ పెట్టాల.

మంగళవారం షాపు మూత, రైలు తెరుపు.
కరేపాకు చెట్టు దాకా పోయి ఆగుతుంది.
ఓబుళమ్మ కొడుకు ఇంజనెత్తి ముఖం తిప్పుతాడు.
అంతలో గండుచీమలు పన్నెండో పదమూడో చేరి
చివరి పెట్టెలోంచి
పొట్టు పగిలిన బస్తా ఒకటి దించుకుంటాయి.
రసీదు అడగను.
పుస్తకంలో రాసుకుంటా:
సరుకు చేరింది.